పన్‌చక్కి: నీరు తిప్పిన తిరగలి కథ

రుద్రంగిలోగాని, దాని చుట్టుపట్ల ఉన్న కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలోగాని పాత ఇండ్లను చూచినవారికి ఏదో ఒక మూలన వాడుక తప్పిన ఇసుర్రాయి కనిపించకపోదు. కోస్తా జిల్లాలలో దీనినే తిరగలి అంటారు. రెండు గుండ్రని రాళ్లు. క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. పై రాతి నడుమ ఒక కన్నము, అంచు దగ్గర ఒక కొయ్యపిడి. కన్నములో గుప్పెడేసి గింజలు పోస్తూ పిడి పట్టుకొని త్రిప్పితే రాళ్ల సందున గింజ నలిగి, పిండి అంచుల వెంట రాలుతుంది. జొన్నరొట్టెకు పిండి, మక్కగట్కకు రవ్వ, పప్పుకు కందిబద్ద, అన్నీ ఈ రాతి క్రిందనుండి రావలసినవే. తెల్లవారకముందే లేచి ఇల్లాలు రాతి ముందు కూర్చునేది. అలసట తెలియకుండా పాటలు పాడుకొనేది. విసుర్రాయి పాటలని మన జానపద సాహిత్యంలో ఒక శాఖయే ఏర్పడినదంటే, ఆ శ్రమ ఎంత నిత్యమైనదో, ఎంత దీర్ఘమైనదో ఊహించవచ్చును.

పిండి గిర్ని వచ్చి ఆ శ్రమను తొలగించినది. మొదట నూనె ఇంజనుతోను, తరువాత విద్యుత్తుతోను గిర్నీలు నడిచినవి. అయితే ఇంజను పుట్టకముందే, విద్యుత్తును మనిషి వశపరచుకొనకముందే, తిరగలిని త్రిప్పగల మరొక సేవకుడు లోకంలో ఉన్నాడు. ఆ సేవకుడు నీరు. రుద్రంగి ఏ రాజ్యంలో ఉండినదో ఆ హైదరాబాదు రాజ్యంలోనే అటువంటి నీటితిరగలి ఒకటి ఏర్పడి, చాలకాలం పనిచేసినది. అదే ఔరంగాబాదులోని పన్‌చక్కి. పన్ అనగా నీరు, చక్కి అనగా తిరగలి. ఆ పట్టణం నేడు ఛత్రపతి శంభాజీనగర్ అను పేరుతో మహారాష్ట్రలో ఉన్నది.

రెండు ఊళ్లు, ఒక రాజ్యం, ఒక నది

ఔరంగాబాదు పేరు వినగానే అది మనకు దూరదేశమని తోచవచ్చును. చరిత్ర దృష్టితో చూస్తే అది అంత దూరం కాదు. అసఫ్‌జాహీ వంశ స్థాపకుడైన నిజాం ఉల్ ముల్క్ 1724లో దక్కనులో స్వతంత్రాధికారాన్ని నెలకొల్పినపుడు ఔరంగాబాదే ఆయనకు ముఖ్యపట్టణం. 1763లో నిజాం అలీఖాన్ రాజధానిని హైదరాబాదుకు మార్చాడు. ఆ తరువాత కూడ, 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు, ఔరంగాబాదు జిల్లా, కరీంనగరు జిల్లా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవి. ఆనాడు కరీంనగరు జిల్లాలోని రుద్రంగి, 2016లో జరిగిన జిల్లాల విభజనతో రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చినది.

నీటి దృష్టితో చూచినా ఈ రెండింటికి చుట్టరికమున్నది. పన్‌చక్కి ఖాం నది ఒడ్డున ఉన్నది. ఖాం నీరు గోదావరిలో కలుస్తుంది. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల వాగులు కూడ చివరకు చేరేది గోదావరినే. అయినను ఒకచోట నీరు తిరగలిని త్రిప్పినది. మరొకచోట ఇల్లాలి చేయి త్రిప్పినది. ఈ భేదం ఎందువలన వచ్చినదో తెలుసుకొనడానికి ముందుగా పన్‌చక్కి కథ వినవలె.

నీటికొరకు పడిన పాట్లు

ఔరంగాబాదు మొదటి పేరు ఖడ్కీ. అహమ్మదునగరు నిజాంషాహీ రాజ్యంలో మంత్రిగా ప్రసిద్ధికెక్కిన మలిక్ అంబర్ 1610 ప్రాంతంలో ఈ పట్టణాన్ని స్థాపించాడు. ఆబిసీనియా దేశంలో పుట్టి, బానిసగా అమ్ముడై, దక్కనుకు చేరి, సేనానిగాను మంత్రిగాను ఎదిగిన ఈయన జీవితమే ఒక గొప్ప గాథ. అయితే ఆ పట్టణ ప్రజలకు ఆయన చేసిన మహోపకారం మంచినీరు. పట్టణం చుట్టు ఎత్తైన నేలలున్నవి. అక్కడ భూగర్భంలో ఊరే నీటిని సేకరించి, నేల క్రిందుగా పట్టణానికి నడిపించే నహరును ఆయన త్రవ్వించాడు. నహరు అనగా కాలువ. దీనికి నహర్-ఎ-అంబరీ అని పేరు. 1626లో మలిక్ అంబర్ మరణించాడు. తరువాత మొగలుల పాలనలో పట్టణం పెరిగినకొలది ఇదే పద్ధతిలో మరికొన్ని నహరులు ఏర్పడినవి. పన్‌చక్కి నహరు వాటిలో ఒకటి.

పన్‌చక్కి ఉన్నచోట బాబా షా ముసాఫిర్ అను సూఫీ గురువు దర్గా ఉన్నది. ఈయన మధ్య ఆసియానుండి వచ్చిన నక్ష్‌బందీ సంప్రదాయపు సాధువు. ఆయన ఆశ్రమానికి బాటసారులు, ఫకీరులు, విద్యార్థులు, సైనికులు వచ్చేవారు. వచ్చినవారికి అన్నం పెట్టడం ఆశ్రమధర్మం. ప్రతిదినం అంతమందికి రొట్టెలు కావలెనంటే ఎంత పిండి విసరవలెనో చెప్పనక్కరలేదు. ఈ అవసరంనుండియే పన్‌చక్కి పుట్టినది. 17వ శతాబ్దపు చివరి సంవత్సరాలనుండి 18వ శతాబ్దపు నడిమి భాగం వరకు నహరు, మర, జలాశయం, ఇతర కట్టడాలు క్రమంగా ఏర్పడినవి. తుర్క్‌తాజ్ ఖాన్, జమీల్ బేగ్ ఖాన్ అను ప్రభువుల పేర్లు ఈ నిర్మాణాలతో ముడిపడి ఉన్నవి.

మట్టిగొట్టాలలో కొండనీరు

పన్‌చక్కి నది ఒడ్డున ఉన్నదేగాని, నదినీటితో తిరిగినది కాదు. ఖాం వర్షాకాలపు నది. వానలలో పొంగుతుంది, ఎండలలో సన్నగిల్లుతుంది. అటువంటి నదిని నమ్ముకొని నిత్యం అన్నం పెట్టే సత్రాన్ని నడపడం సాధ్యం కాదు. అందువలన ఆనాటి శిల్పులు ఉత్తరాన ఉన్న కొండలలోని ఊటను ఆశ్రయించారు. ఆరు కిలోమీటర్లకు తక్కువ కాని దూరంనుండి, నేలలో పాతిన కాల్చిన మట్టిగొట్టాల ద్వారా నీటిని తెచ్చారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మూసిన గొట్టంలోని నీరు పల్లానికి దిగిన తరువాత మళ్లీ మెరకకు ఎక్కగలదు. కాని బయలుదేరిన మట్టాన్ని మించి ఎక్కలేదు. రెండు కొసలు పైకెత్తిన రబ్బరుగొట్టంలో నీరు పోసి చూస్తే రెండువైపుల ఒకే మట్టాన నిలుస్తుంది. ఈ సూత్రమే నహరుకు ఆధారం. అయితే పల్లంలో ఉన్న గొట్టంపై నీటిపీడనం చాల హెచ్చుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఇనుపగొట్టమైతే ఓర్చుకొనగలదు, మట్టిగొట్టం పగులుతుంది. అదిగాక మెరకలలో గాలి చేరి నీటిదారిని అడ్డగిస్తుంది.

ఈ రెండు చిక్కులకు ఒకే విరుగుడు కనిపెట్టారు. దారిలో అక్కడక్కడ ఇటుక, సున్నాలతో స్తంభాలు కట్టారు. నీరు స్తంభంలో పైకెక్కి, అక్కడ గాలికి తెరచుకొని, తిరిగి క్రిందికి దిగి ముందుకు పోతుంది. తెరచిన చోట గాలి వెళ్లిపోతుంది, పీడనం తగ్గుతుంది. తురుష్కదేశంలో ఇస్తాంబులు నగరపు నీటికాలువల మీద కూడ ఇటువంటి స్తంభాలే కట్టారు.

మర దగ్గర నిలిచిన గోడ ఈ ఏర్పాటుకు తుది మెట్టు. గొట్టంలోని నీరు ఆ గోడలోపల పైకెక్కి, ఎత్తునుండి జలాశయంలోకి దుముకుతుంది. చూచేవారికి నీరు తనంతట తాను పైకి ప్రాకినట్లు తోస్తుంది. అది మాయ కాదు. కొండమీది ఊట ఇంకా ఎత్తున ఉన్నది గనుకనే నీరు ఎక్కగలిగినది.

ఇంతటితో ఆ నీటి పని తీరలేదు. జలాశయం క్రింద స్తంభాలతో కూడిన పెద్ద చావడి ఉన్నది. జలాశయపు అడుగే దానికి కప్పు. నీరు త్వరగా వేడెక్కదు. పైనుండి కొంత ఆవిరియై పోతూ ఇంకను చల్లబడుతుంది. అందువలన ఎండకాలంలో కూడ చావడి చల్లగా ఉండి, బాటసారులకు విశ్రాంతి స్థలమైనది. ఒకే నీరు త్రాగుటకు, పిండి విసరుటకు, నీడను చల్లబరచుటకు ఉపయోగపడినది.

మరలోని పదార్థవిజ్ఞానం

నీటిమరలు రెండు విధాలు. నిలువుగా నిలిచిన చక్రం గలవి ఒక రకం. వీటిలో చక్రపు ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటుంది; తిరగలి ఇరుసు నిలువుగా ఉండవలె గనుక రెండింటిని పండ్లచక్రాలతో కలపవలసి ఉంటుంది. రోమను శిల్పి విట్రూవియస్ క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలోనే ఇటువంటి మరను వర్ణించాడు. రెండవ రకంలో చక్రం తిరగలివలెనే పడుకొని ఉంటుంది. నిలువుటిరుసు క్రింది కొసకు రెక్కల చక్రం, పై కొసకు పై రాయి. పండ్లచక్రాలతో పని లేదు. గఢ్వాల్, కుమావూ కొండలలో ఘరాట్ అని పిలిచే మరలు ఈ రకానివే. పన్‌చక్కి కూడ ఈ జాతిదే.

ఈ సాదా యంత్రం ఎంత పని చేయగలదో ఒక లెక్కతో చూడవచ్చును. ఇది పన్‌చక్కి కొలత కాదు. సూత్రం తెలియడానికి ఎత్తుకొన్న ఉదాహరణ మాత్రమే. సెకనుకు 20 లీటర్ల నీరు 6 మీటర్ల ఎత్తునుండి పడుతున్నదనుకొందము. లీటరు నీటి ద్రవ్యరాశి ఒక కిలోగ్రాము. ద్రవ్యరాశిని గురుత్వత్వరణం 9.8తోను, ఎత్తుతోను గుణిస్తే స్థితిజశక్తి వస్తుంది. 20 × 9.8 × 6 = 1,176. అనగా నీరు ఇవ్వగల సామర్థ్యం 1,176 వాట్లు. బల్లపరుపు రెక్కలకు నీరు తగిలి నలువైపుల చిమ్మిపోతుంది గనుక ఇందులో సగమైనా దక్కదు. మూడవవంతు దక్కినదనుకొన్నా సుమారు 390 వాట్లు. మనిషి గంటల తరబడి నిలకడగా చేయగల పని 75 వాట్ల ప్రాంతం. కాబట్టి ఆ నీటిధార అయిదుగురి పెట్టు. పైగా అలసట ఎరుగదు, రాత్రి నిద్ర కోరదు.

మరొక లెక్క కూడ ఆసక్తికరమైనది. 6 మీటర్లు పడిన నీటి వేగం సెకనుకు సుమారు 10.8 మీటర్లు. ఇటువంటి రెక్కలు నీటివేగంలో సగం వేగంతో కదలినపుడు హెచ్చు శక్తి దక్కుతుంది. అనగా 5.4 మీటర్లు. చక్రపు వ్యాసార్థం అర మీటరైతే అది నిమిషానికి 100 చుట్లకు కొంచెం పైగా తిరుగుతుంది. పెద్ద తిరగలిరాయి పిండిని మాడ్చకుండ, గింజను విడువకుండ తిరగడానికి ఈ వేగం చక్కగా సరిపోతుంది. పండ్లచక్రాలు లేకనే ఈ మర వేల ఏండ్లు నిలిచిన రహస్యమిదే.

మన వాగులమీద మరలు ఏల లేవు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. నీటికి ఇంత శక్తి ఉన్నదికదా. రుద్రంగి వంటి ఊళ్ల చెరువుల క్రింద తిరగళ్లు ఏల వెలయలేదు? తూము నీటికి శక్తి చాలదా? ఒక తూమునుండి సెకనుకు 40 లీటర్ల నీరు వచ్చి 2 మీటర్లు పడితే 784 వాట్లు. మూడవవంతు 260 వాట్లు. ముగ్గురు మనుషుల బలం. కనుక శక్తి చాలక కాదు. కారణాలు వేరుచోట వెదకవలె.

మొదటిది కాలం. తెలంగాణలో వానలు చాలవరకు జూను నుండి సెప్టెంబరు లోపుగా కురుస్తవి. తరువాత వాగులు ఇసుకదిబ్బలవుతవి. పిండి మాత్రం పన్నెండు నెలలు కావలె. హిమాలయాలలో ఎండకాలంలో మంచు కరగి నీరిస్తుంది. ఇక్కడ ఆ వసతి లేదు. ఏడాదిలో కొన్ని నెలలే తిరిగే మరకొరకు ఖర్చు పెట్టేవాడెవడు?

రెండవది నీటిమీది హక్కు. చెరువునీరు వరిమడి సొత్తు. పైరు కోరినపుడు తూము తెరుచుకొంటుంది, పైరుకు చాలగానే మూసుకొంటుంది. నీరటి తూము దగ్గర నిలిచేది మడిని చూచియేగాని మరను చూచి కాదు. పంట కోతకు వచ్చి, ఇంటింట గింజ నిండి, విసరవలసిన పని హెచ్చినపుడు తూము మూతపడి ఉంటుంది.

మూడవది తిండి. వరిని పిండి చేయరు. రోటిలో పోసి రోకలితో దంచి బియ్యం చేస్తారు. విసరవలసినవి జొన్న, మక్క, పప్పులు. అవి కూడ ఏ ఇంటికి ఆ ఇల్లు, ఏనాటికి ఆనాడు, ఎంత కావలెనో అంతే విసురుకొనేవారు. ఔరంగాబాదు దర్గాలోవలె ఒకేచోట నూర్ల మందికి పిండి కావలసినపుడు మర గిట్టుబాటవుతుంది. శేరుడు గింజలు విసరుకొనే ఇంటికి కాదు.

నాలుగవ కారణం అన్నిటికంటె బలమైనదని తోస్తుంది. ఇల్లాలి శ్రమకు వెల లేదు. వెల లేనిదానిని ఆదా చేయడానికి ఎవరు పెట్టుబడి పెడతారు? దర్గాలో అంతమందికి విసరవలెనంటే కూలివారిని పెట్టవలె, వారికి తిండి పెట్టవలె. అక్కడ నీటితో విసిరితే మిగులు కనిపిస్తుంది. పల్లెలో విసరేది తల్లి, కోడలు, కూతురు. వారి వేకువజాము ఏ లెక్కపుస్తకానికి ఎక్కలేదు. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో ఆంటిపేటర్ అను గ్రీకు కవి, నీటిమర వచ్చి పిండివిసిరే పడుచులకు వేకువనిద్ర దక్కినదని సంతోషిస్తూ పద్యం వ్రాశాడు. ఆ సుఖం మన ఊళ్ల ఆడవారికి అందడానికి ఆ తరువాత సుమారు రెండువేల ఏండ్లు పట్టినది. యంత్రం తెలియకపోవడం కాదు, అవసరాన్ని గుర్తించకపోవడం కూడ ఒక కారణమని గ్రహించవలె.

మర ఏల ఆగినది?

పన్‌చక్కిలో ఆశ్రమంకొరకు పిండి విసరే పని ఏనాడో ముగిసినది. నేడది సందర్శకులు చూచే చారిత్రక కట్టడం. మహారాష్ట్ర వక్ఫ్ బోర్డు కార్యాలయం ఆ ఆవరణలోనే ఉన్నది. నీరున్నపుడు చక్రం తిరుగుతుంది. ఆ తిరుగుడు చూపుకొరకేగాని పిండికొరకు కాదు.

ఇంజను గిర్నీలు వచ్చిన తరువాత నీటిమరలు లోకమంతట వెనుకబడినవి. 1086లో ఇంగ్లండు రాజు చేయించిన భూముల లెక్కలలో సుమారు 6,000 నీటిమరలు కనిపిస్తవి. నేడు ఆ దేశంలో పనిచేసేవి చాల తగ్గిపోయినవి. ఇంజనుకు ఊట అక్కరలేదు, కొండ అక్కరలేదు. బజారు నడుమ పెట్టవచ్చును. కనుక మరలు మూతపడుట సహజమే.

అయితే పన్‌చక్కి విషయంలో చింతింపవలసినది మర ఆగడం కాదు, నీరు తగ్గడం. నహరు నేలలోపలి నిర్మాణం. పైన నడిచేవారికి తమ కాళ్ల క్రింద గొట్టమున్నదని తెలియదు. పట్టణం పెరిగి, పునాదులు త్రవ్వి, బావులు లోతుచేసి, ఊటకు చేరవలసిన వాననీటిని అడ్డగిస్తే, మూడు శతాబ్దాల నహరు మూగపోతుంది. గొలుసులో ఒక కొక్కెం తెగితే చాలు, గొలుసంతా పనికిరాదు. ఎక్కడో ఒకచోట ఒక గొట్టం పగిలితే చివరనున్న మర ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం లేదు. కట్టడాన్ని కాపాడడమంటే గోడకు సున్నం కొట్టడం కాదు. ఊటను, దానికి నీరిచ్చే కొండను, నడుమ ఉన్న దారిని కాపాడడం.

ఈ మాట రుద్రంగి ప్రాంతానికి కూడ వర్తిస్తుంది. చెరువు అంటే కట్ట, తూము మాత్రమే కాదు. పైనుండి నీరు తెచ్చే కాలువ, మీది చెరువు అలుగు, కొండవాలు, అన్నీ కలిసి ఒక గొలుసు. వీటిలో ఒకటి పూడినా, ఆక్రమణకు గురైనా, క్రింది తూము ఎండుతుంది.

ఆగిన మర, ఆగని సూత్రం

తిరగలి ఆగినంత మాత్రాన దాని సూత్రం నశింపలేదు. ఫ్రెంచి ఇంజనీరు ఫూర్నేరాన్ 1827లో ప్రదర్శించిన టర్బైను, నిలువుటిరుసుకు పడుకొన్న చక్రం గలదే. ఘరాట్‌కు అది దూరపు మనుమడనవచ్చును. రెక్కలను వంపుగా మలచి, నీరు చిమ్మిపోకుండ నడిపించడం వలన వ్యర్థమయ్యే శక్తి బాగా తగ్గినది. గోదావరిమీద 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, నేటి శ్రీరాంసాగరు, దగ్గర పొలాలకు పోయే నీరు దారిలో టర్బైనులను త్రిప్పి విద్యుత్తునిస్తుంది. ఆ విద్యుత్తు తీగలవెంట పోయి ఎక్కడో ఒక పల్లెలో పిండి గిర్నిని త్రిప్పవచ్చును. అనగా నేటికి కూడ కొంతవరకు పిండి విసరేది నీరే. మరకు నీటికి నడుమ దూరం మాత్రం పెరిగినది.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఊరి తూము దగ్గరనే చెప్పవచ్చును. తూమునుండి పారే పిల్లకాలువ వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి గుణించవలె. ఒక ఎండుటాకును నీటిపై వదలి 10 మీటర్లు పోవుటకు ఎన్ని సెకన్లు పట్టినదో చూచి వేగం కట్టవలె. పైనీరు అడుగునీటికంటె వేగంగా పారుతుంది గనుక ఆ వేగాన్ని 0.8తో గుణించవలె. ఈ రెండింటి లబ్ధం సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో చెపుతుంది. దానిని 1,000తో గుణిస్తే లీటర్లు. నీరు పడే ఎత్తు కొలిచి, 9.8తో హెచ్చవేస్తే వాట్లు వస్తవి. తరువాత ఇంటికి వెళ్లి, మూలనున్న ఇసుర్రాతిని ఒక గంటసేపు త్రిప్పి చూడవలె. వాటు అంటే ఏమిటో, అవ్వ ప్రతిదినం వేకువన చేసినది ఎంత పనియో, విద్యార్థికి అప్పుడు తన భుజాలతోనే తెలిసివస్తుంది.